అగ్రరాజ్యాల పోటీ, ప్రాంతీయ తగాదాలు: అసలు ప్రమాదం ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న ఇది: అమెరికా, చైనా, రష్యాల మధ్య పోటీ నానాటికీ ముదురుతోంది కదా, దీనివల్ల ఆసియాలోని మిగతా దేశాల భద్రత ఏమవుతుంది, ఆ దేశాలకు ఏదో ఒక పక్షం చేరడం మేలా, దూరంగా ఉండటం మేలా? ఈ విషయాలను చాలాకాలంగా చదువుతూ, విద్యార్థులకు బోధిస్తూ వస్తున్నాను కనుక, నా అభిప్రాయాన్ని ముందు క్లుప్తంగా చెప్పి ఆ తరువాత కారణాలు వివరిస్తాను.

అగ్రరాజ్యాలు పోటీ పడినంత మాత్రాన ఒక ప్రాంతం ప్రమాదంలో పడదు. ఆ ప్రాంతంలో అప్పటికే రగులుతున్న సరిహద్దు తగాదానో, దీవుల తగాదానో, అంతర్యుద్ధమో ఆ పోటీతో ముడిపడినప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుంది. అప్పటి నుంచి ఆ తగాదా ఎంతవరకు పోవాలో, ఎక్కడ ఆగాలో తేల్చే అధికారం అక్కడ బతికేవారి చేతుల్లోంచి కొంతైనా జారిపోతుంది. అందుకే పక్షం చేరాలా వద్దా అని అడిగే ముందు, ఒక దేశం తన తగాదాను ఎవరి పోటీకి, ఎంత గట్టిగా ముడివేసుకుంటోంది, అవసరమైనప్పుడు ఆ ముడి విప్పుకునే వీలు దానికి మిగిలిందా అని అడగాలని నేననుకుంటాను.

ముడి ఎలా పడుతుందో తెలుసుకోవడానికి దక్షిణాసియాలో 1971ని మించిన ఉదాహరణ లేదు. తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) సంక్షోభం పుట్టుకలో అగ్రరాజ్యాల ప్రమేయం దాదాపు లేదు. 1970 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్‌కు అధికారం అప్పగించకపోవడం, 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకాలో మారణకాండకు దిగడం, సుమారు కోటిమంది శరణార్థులు భారత్‌లోకి రావడం, ఇవన్నీ ఉపఖండం లోపలి కారణాలతో జరిగినవే. అయితే సరిగ్గా ఆ నెలల్లోనే అమెరికాలోని నిక్సన్ ప్రభుత్వం చైనాతో రహస్యంగా మాటలు కలుపుతోంది, ఆ మాటలకు వారధి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్. జులైలో పాకిస్తాన్ పర్యటనకు వచ్చిన నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ అనారోగ్యం నెపంతో అందరి కళ్లూ కప్పి అక్కడి నుంచే బీజింగ్ వెళ్లివచ్చారు. సోవియట్ యూనియన్‌కు వ్యతిరేకంగా చైనాను తమవైపు తిప్పుకోవడం అమెరికాకు ఎంత పెద్ద పని అయిందంటే, ఢాకాలో జరుగుతున్నదాన్ని ఆపమని యాహ్యా ఖాన్‌ను గట్టిగా ఒత్తిడి చేయడానికి వాషింగ్టన్ సిద్ధపడలేదు.

దానికి భారత్ జవాబు ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదుర్చుకున్న శాంతి, మైత్రీ, సహకార ఒప్పందం. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను మాస్కో వీటోతో అడ్డుకుంది. అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ ముందు నడవగా అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చింది, సోవియట్ నౌకలు దాని వెనుకే వచ్చాయి. తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధ ఫలితాన్ని ఎంటర్‌ప్రైజ్ మార్చలేదు, మార్చే వీలు కూడా అప్పటికి లేదు. ఆ నౌకను పంపడంలో నిక్సన్, కిసింజర్ల లెక్క వేరు. మిత్రుణ్ణి గాలికి వదిలేసే దేశంగా చైనా కళ్లకు కనిపించకూడదన్నది వారి ఆలోచన. ఉపఖండంలో లక్షలమంది ప్రాణాలతో ముడిపడిన యుద్ధం, మూడు రాజధానుల మధ్య పరపతి లెక్కల్లో ఒక అంశంగా మారిపోవడమంటే ఇదే.

ఆ ఏడాది డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అదే రోజున న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, శ్రీలంక చొరవతో వచ్చిన ప్రతిపాదనను ఆమోదిస్తూ, హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటించింది. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ ఓటు వేయకుండా తప్పుకున్నాయి. ఆ సముద్రంలోనే బ్రిటన్ అధీనంలో ఉన్న డియెగో గార్సియా దీవిలో అమెరికా స్థావర నిర్మాణం అప్పటికే మొదలైంది, అక్కడి చాగోస్ ప్రజలను 1973 నాటికి పూర్తిగా ఖాళీ చేయించారు. ఆ దీవిపై సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించి స్థావరాన్ని మాత్రం 99 ఏళ్ల కౌలుకు ఉంచుకునే ఒప్పందంపై బ్రిటన్ 2025 మే నెలలో సంతకం చేసింది. అంటే సార్వభౌమత్వం విషయంలో అర్ధ శతాబ్దం తరువాత ఒక మాట కుదిరినా, స్థావరం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. సమితి తీర్మానాలు పనికిరానివని చెప్పడానికి ఇది రాయడం లేదు. పెద్ద నౌకాదళాలు ఒకసారి కాలు మోపిన చోటును వదలవని, వాటిని రానివ్వాలా వద్దా అన్న నిర్ణయం మొదట్లోనే జరగాలని చెప్పడానికి రాస్తున్నాను.

నాటి పోటీకీ నేటి పోటీకీ పోలికలు చూసి ఇది రెండో ప్రచ్ఛన్న యుద్ధం అనడం ఈమధ్య అలవాటైంది. నేను ఆ మాట వాడను, కారణం ఉంది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య వ్యాపారం లెక్కలోకి వచ్చేంత ఉండేది కాదు. అమెరికా, చైనాల మధ్య సరుకుల వ్యాపారం 2022లో సుమారు 69,000 కోట్ల డాలర్లకు చేరింది. అదే ఏడాది అక్టోబరులో చైనాకు అధునాతన చిప్‌లు, వాటిని తయారుచేసే యంత్రాలు అందకుండా అమెరికా ఆంక్షలు పెట్టింది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతికి అనుమతులు తప్పనిసరి చేసింది. ఇంతగా పెనవేసుకున్న ఇద్దరు ప్రత్యర్థులు ఒకరినొకరు దెబ్బతీసుకోవడానికి ఫిరంగులకన్నా ముందు సరఫరాలను వాడుకుంటారు. ఆ దెబ్బ మూడో దేశపు కార్ల కర్మాగారానికి, ఫోన్ల తయారీకి కూడా తగులుతుంది. పక్షం చేరని దేశానికి కూడా తప్పించుకునే దారి లేని నష్టం ఇది.

రెండో తేడా రేవుల దగ్గర కనిపిస్తుంది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో స్థావరం అంటే స్థావరమే, దాని మీద జెండా ఉండేది. ఇప్పుడు వాణిజ్య రేవు ఎక్కడ ముగిసి సైనిక అవసరం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం. శ్రీలంకలోని హంబన్‌తోట రేవును 2017లో 99 ఏళ్ల కౌలుకు ఒక చైనా కంపెనీ తీసుకుంది, అందుకు సుమారు 112 కోట్ల డాలర్లు చెల్లించింది. చైనా అప్పు తీర్చలేక శ్రీలంక రేవును జప్తుకు ఇచ్చిందని ఎక్కువమంది నమ్ముతారు, ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది కూడా అదే అంటారు. కానీ రేవు కోసం తీసుకున్న అప్పు అలాగే ఉండిపోయింది, కౌలు సొమ్ము విదేశీ మారక నిల్వలను పెంచుకోవడానికి పోయింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక దివాలా తీసేనాటికి దాని విదేశీ అప్పుల్లో అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్ల వాటా చైనా వాటాకన్నా ఎక్కువ. అప్పు ఎలా పుట్టిందన్న విషయంలో పొరపాటు పడితే మందు కూడా తప్పుడుదే వేస్తాం కనుక దీన్ని ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

హంబన్‌తోటతో వచ్చిన అసలైన భద్రతా సమస్య 2022 ఆగస్టులో బయటపడింది. క్షిపణులు, ఉపగ్రహాల జాడ పట్టే పరికరాలున్న యువాన్ వాంగ్ 5 అనే చైనా నౌక ఆ రేవుకు వస్తానంది. భారత్ అభ్యంతరం చెప్పింది. కొలంబో మొదట రాకను వాయిదా వేయమని కోరి, చివరకు అనుమతించింది. తిండికి, పెట్రోలుకు డాలర్లు లేక అల్లాడుతున్న ప్రభుత్వం, ఒకవైపు వందల కోట్ల డాలర్ల సాయం అందిస్తున్న పొరుగుదేశం, మరోవైపు అప్పుల పునర్వ్యవస్థీకరణకు ఒప్పుకోవలసిన రుణదాత, ఈ ఇద్దరి మధ్య ఒక నౌక లంగరు వేయడం గురించి నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఆ తరువాత విదేశీ పరిశోధన నౌకలు వేటికీ 2024లో ఏడాదిపాటు అనుమతి ఇవ్వబోమని శ్రీలంక ప్రకటించింది. ఎవరి పేరూ ఎత్తకుండా అందరికీ ఒకే నియమం పెట్టిన ఆ నిర్ణయం నా దృష్టిలో తెలివైనది. చిన్న దేశానికి బలం నియమంలో ఉంటుంది. ఒక్కొక్క నౌక వచ్చినప్పుడు ఒక్కొక్క నిర్ణయం తీసుకుంటూ పోతే ప్రతిసారీ ఎవరో ఒకరికి శత్రువు కాక తప్పదు.

జిబూటీ ఇంకో దారి పట్టింది. ఎర్ర సముద్రపు ముఖద్వారంలో ఉన్న ఆ చిన్న దేశం అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీలతో పాటు 2017 నుంచి చైనాకు కూడా స్థావరానికి చోటిచ్చింది. అందరూ ఉంటే ఎవరూ పెత్తనం చేయలేరన్న లెక్క అందులో ఉంది, అద్దె రాబడి కూడా ఉంది. అయితే 2018లో చైనా స్థావరం వైపు నుంచి వచ్చిన లేజర్ కాంతి తమ రవాణా విమానం సిబ్బంది ఇద్దరి కళ్లకు హాని చేసిందని అమెరికా ఫిర్యాదు చేసింది, చైనా కాదంది. రెండు ప్రత్యర్థి సైన్యాలు ఒకే నగరం పరిసరాల్లో కాపురం ఉంటే ఆతిథ్యమిచ్చిన దేశం చేయగలిగింది చాలా తక్కువ.

ఇక దక్షిణ చైనా సముద్రానికి వస్తాను, ఎందుకంటే తగాదా, ఒడంబడిక, ప్రమాదం మూడూ ఒకే చోట ఇరుక్కున్న తీరు అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో తయారైన సియెరా మాద్రె అనే పాత నౌకను ఫిలిప్పీన్స్ 1999లో సెకండ్ థామస్ అనే పగడపు దిబ్బ మీదికి కావాలనే ఎక్కించి వదిలింది. తుప్పు పట్టి చిల్లులు పడిన ఆ నౌకలో కొద్దిమంది సైనికులు ఇప్పటికీ కాపలా ఉంటారు. నౌకాదళపు జాబితా నుంచి దాన్ని తొలగించలేదు కాబట్టి చట్టం దృష్టిలో అది సేవలో ఉన్న యుద్ధనౌకే. ఆ దిబ్బ పలావన్ దీవికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ సముద్రం మీద చైనాకు చారిత్రక హక్కులు లేవని 2016 జులై 12న అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది, చైనా ఆ తీర్పును గుర్తించలేదు.

ఆ సైనికులకు తిండి, నీళ్లు, నౌకకు మరమ్మతు సామగ్రి పడవల్లో వెళ్లాలి. చైనా తీర రక్షక దళం ఆ పడవలకు అడ్డం పడుతుంది, నీటి ఫిరంగులతో కొడుతుంది. 2024 మే 31న సింగపూర్‌లో జరిగిన షాంగ్రీ లా రక్షణ సదస్సులో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్, కావాలని చేసిన దాడిలో తమ పౌరుడు ఒక్కడు చనిపోయినా అది యుద్ధ చర్యకు చాలా దగ్గరగా ఉన్నట్టే భావిస్తామని అన్నారు. అమెరికాతో ఆ దేశానికి 1951 నాటి పరస్పర రక్షణ ఒడంబడిక ఉంది, దక్షిణ చైనా సముద్రంలో ఎక్కడైనా ఫిలిప్పీన్స్ ప్రభుత్వ నౌకల మీద సాయుధ దాడి జరిగితే అది వర్తిస్తుందని వాషింగ్టన్ పలుమార్లు ప్రకటించింది. మార్కోస్ ఆ మాట అన్న కొద్ది రోజులకే, జూన్ 17న, కత్తులు, గొడ్డళ్లు పట్టుకున్న చైనా తీర రక్షక సిబ్బంది ఫిలిప్పీన్స్ రబ్బరు పడవలను చుట్టుముట్టి చిల్లులు పొడిచారు. ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది.

ఆ దెబ్బ ఇంకాస్త బలంగా తగిలి ఆ నావికుడు చనిపోయి ఉంటే తరువాతి నిర్ణయం ఎవరిది? ఒడంబడికను ప్రయోగించమని ఫిలిప్పీన్స్ అడిగితే వాషింగ్టన్ కదలాలి. కదలకపోతే టోక్యో నుంచి సియోల్ దాకా ప్రతి మిత్రదేశమూ అమెరికా మాటకు విలువెంతో లెక్క కట్టుకుంటుంది. కదిలితే రెండు అణ్వస్త్ర రాజ్యాలు ఒక పగడపు దిబ్బ దగ్గర ఎదురెదురుగా నిలబడతాయి. అప్పుడు ఫిలిప్పీన్స్ ప్రభుత్వ పెద్దలు అది సాయుధ దాడి కాదని చెప్పి, ఒడంబడిక ఊసెత్తకుండా ఆగారు. తరువాత అది కావాలని చేసిన పనేనని ఆ దేశ రక్షణ మంత్రి ఖండించినా, ఒడంబడిక దాకా పోలేదు. జులైలో మనీలా, బీజింగ్‌లు నేరుగా మాట్లాడుకుని ఆ నౌకకు సరుకులు చేరవేసే విషయంలో ఒక తాత్కాలిక అవగాహనకు వచ్చాయి. హక్కుల విషయంలో ఇద్దరూ అంగుళం కూడా తగ్గలేదు, పడవలు మాత్రం వెళ్లడం మొదలైంది. ఒడంబడిక ఫిలిప్పీన్స్‌కు బలమే, అది లేకపోతే ఆ నౌక అక్కడ ఇంతకాలం ఉండేది కాదని నేను నమ్ముతాను. ఆ బలాన్ని బయటకు తీయకుండా ఆగగలిగిన నిగ్రహం కూడా అంతే విలువైనదని ఆ జూన్, జులై నెలలు చూపించాయి.

తైవాన్ గురించి ఇక్కడ ఎక్కువగా రాయను. దాని మీద రాసేవారు చాలామంది ఉన్నారు, పైగా అక్కడ స్థానిక తగాదాకూ అగ్రరాజ్యాల పోటీకీ మధ్య ముడి 1950 నుంచి పడే ఉంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. జపాన్‌కు చెందిన యోనాగుని దీవి తైవాన్‌కు సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఉన్న బటానెస్ దీవులూ దగ్గరే. జపాన్‌లోని ఒకినావాలో అమెరికా స్థావరాలున్నాయి. 2023లో ఫిలిప్పీన్స్ అమెరికా సేనలకు అదనంగా తెరిచిన నాలుగు చోట్లలో మూడు ఆ దేశపు ప్రధాన దీవి లూజాన్ ఉత్తర భాగంలోనే ఉన్నాయి. కాబట్టి తైవాన్ జలసంధిలో యుద్ధం వస్తే అది ఇద్దరి మధ్యే ఆగుతుందన్న ఆశకు భౌగోళికంగా ఆధారం లేదు.

ఆయుధాల సరఫరా ద్వారా పడే ముడి గురించి జనం తక్కువగా ఆలోచిస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న పెద్ద ఆయుధాల్లో ఐదింట నాలుగు వంతులు చైనా నుంచే వచ్చాయి. 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య నాలుగు రోజులు జరిగిన పోరులో ఒకవైపు చైనా తయారీ జె‑10 యుద్ధవిమానాలు, మరోవైపు ఫ్రాన్స్ నుంచి కొన్న రఫేల్‌లు, రష్యా నుంచి కొన్న ఎస్‑400 గగనతల రక్షణ వ్యవస్థ, రష్యాతో కలిసి తయారుచేసిన బ్రహ్మోస్ క్షిపణులు ఉన్నాయి. ఆ పోరు కారణాలు ఉపఖండానివే, పహల్గామ్‌లో జరిగిన ఉగ్రవాద దాడి దానికి ఆరంభం. అయినా ఎవరి ఆయుధం ఎలా పనిచేసిందన్న చర్చ బీజింగ్‌లో, పారిస్‌లో, వాషింగ్టన్‌లో నెలల తరబడి సాగింది. తమ ఆయుధాల పరువు, అమ్మకాలు ఒక ప్రాంతీయ యుద్ధంతో ముడిపడితే, ఆ యుద్ధం ఎలా ముగుస్తుందన్న విషయంలో సరఫరాదారులకు కూడా స్వార్థం పుడుతుంది.

కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇంకో కష్టం కనిపిస్తుంది. 2018లో భారత్ సుమారు 543 కోట్ల డాలర్లకు ఐదు ఎస్‑400 రెజిమెంట్ల కొనుగోలుకు ఒప్పందం చేసుకుంది. రష్యా ఆయుధాలు కొనేవారిపై ఆంక్షలు విధించే అమెరికా చట్టం 2017 నుంచి తలమీద వేలాడుతూనే ఉంది, అదే ఆయుధం కొన్నందుకు తన నాటో మిత్రదేశమైన తుర్కియేపై అమెరికా 2020లో ఆంక్షలు పెట్టింది కూడా. భారత్‌పై పెట్టలేదు, చైనాను ఎదుర్కోవడంలో భారత్ అవసరం ఉందన్న లెక్కే అందుకు కారణం. ఇంతలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యా తన అవసరాలు తాను చూసుకోవడంతో మిగిలిన రెజిమెంట్లు ఆలస్యమయ్యాయి. ఆంక్షల ప్రమాదం ఒక అగ్రరాజ్యం నుంచి, సరఫరాల ఆలస్యం మరో అగ్రరాజ్యం నుంచి, సరిహద్దులో ఒత్తిడి మూడో దాని నుంచి వచ్చాయి. పలుచోట్ల కొనడం వల్ల స్వేచ్ఛ వస్తుందన్న మాటలో నిజముంది. ఆ స్వేచ్ఛకు చెల్లించే ధర యుద్ధ సమయంలో తెలుస్తుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే అంశానికి వస్తాను. అగ్రరాజ్యాల పోటీ గురించి రాసేవారు విమానవాహక నౌకలను, క్షిపణులను లెక్కపెడతారు, టెలిఫోన్లను లెక్కపెట్టరు. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నేత కృశ్చేవ్‌ల మధ్య సందేశాలు చేరడానికి గంటలు పట్టేది. అదే నెల 27న క్యూబా దగ్గర అమెరికా నౌకలు వదిలిన హెచ్చరిక పేలుళ్ల మధ్య చిక్కుకున్న ఒక సోవియట్ జలాంతర్గామిలో అణు టార్పెడో ఉందన్న సంగతి ఆ నౌకల్లోని వారికి తెలియదు. దాన్ని ప్రయోగించకుండా ఆపడంలో వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి పాత్ర గురించి దశాబ్దాల తరువాతే లోకానికి తెలిసింది. ఆ భయమే 1963లో రెండు రాజధానులను నేరుగా కలిపే హాట్‌లైన్‌ను తెచ్చింది. 1972 మేలో ఆ రెండు దేశాల మధ్య సముద్రంలో సంఘటనల నివారణ ఒప్పందం కుదిరింది. రెండు నౌకాదళాలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఎలా మెలగాలి, ఏ సంకేతాలు ఇవ్వాలి, తుపాకులు ఎదుటివారి నౌకల వైపు గురిపెట్టకూడదు వంటి చిన్నచిన్న నియమాలు అందులో ఉన్నాయి. ఏటా రెండు పక్షాల నావికాధికారులు కూర్చుని ఆ ఏడాది జరిగిన తప్పులను ఒకరికొకరు చూపించుకునేవారు. అఫ్గానిస్తాన్ యుద్ధకాలంలో కూడా ఆ ఒప్పందం నిలబడింది.

అమెరికా, చైనాల మధ్య అంత గట్టి ఏర్పాటు లేదు. 2001 ఏప్రిల్ 1న హైనాన్ దీవి దగ్గర అమెరికా నిఘా విమానాన్ని చైనా యుద్ధవిమానం ఢీకొట్టింది, చైనా పైలట్ వాంగ్ వీ చనిపోయాడు. హైనాన్‌లో అత్యవసరంగా దిగిన అమెరికా విమానంలోని 24 మందిని 11 రోజులు నిర్బంధించారు. 2014లో ఈ రెండూ సహా ఇరవైకి పైగా దేశాలు సముద్రంలో అనుకోని ఎదురుపాట్ల నియమావళికి ఒప్పుకున్నాయి గాని, అది చట్టబద్ధమైన కట్టుబాటు కాదు, తీర రక్షక దళాలకు వర్తించదు. గొడవలు ఎక్కువగా జరిగేది తీర రక్షక దళాలతోనే. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ పెలోసీ తైవాన్ వెళ్లినందుకు చైనా సైనికాధికారుల సంభాషణలను నిలిపివేసింది. 2023 ఫిబ్రవరిలో తన గగనతలంలోకి వచ్చిన చైనా బెలూన్‌ను అమెరికా కూల్చినప్పుడు రక్షణ మంత్రి ఆస్టిన్ మాట్లాడదామంటే బీజింగ్ ఒప్పుకోలేదు. ఆ మాటలు మళ్లీ మొదలుకావడానికి ఆ ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలో ఇద్దరు అధ్యక్షులు కలవవలసి వచ్చింది. సంభాషణను మంచి నడవడికకు ఇచ్చే బహుమతిగా చూడటం చాలా ప్రమాదకరమైన అలవాటని నేను గట్టిగా నమ్ముతాను. సంబంధాలు చెడినప్పుడే కదా ఆ ఫోను అవసరం పడేది.

ఉపఖండంలో ఈ విషయం ఎంత సున్నితమో 2022 మార్చి 9 సాయంత్రం తెలిసింది. సాధారణ నిర్వహణ పనుల్లో జరిగిన పొరపాటు వల్ల భారత్ నుంచి ఒక క్షిపణి ఎగిరి పాకిస్తాన్‌లోకి 124 కిలోమీటర్లు పోయి మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ప్రాణనష్టం జరగలేదు. మర్నాడు పాకిస్తాన్ సైన్యం విషయం బయటపెట్టింది, 11వ తేదీన భారత్ పొరపాటును అంగీకరిస్తూ ప్రకటన చేసింది, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను సర్వీసు నుంచి తొలగించింది. క్షిపణి పరీక్షల గురించి ముందుగా తెలియజేసుకోవడానికి రెండు దేశాల మధ్య 2005 నుంచి ఒప్పందం ఉంది గాని అది బాలిస్టిక్ క్షిపణులకే పరిమితం, విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరే క్రూయిజ్ క్షిపణులు (ఆ రోజు పొరపాటున ఎగిరింది ఈ రకమే) దాని కిందికి రావు. ఆ లోటు పూడ్చడానికి అగ్రరాజ్యాల అనుమతి అవసరం లేదు. 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ అణు కేంద్రాల జాబితాలను ఈ రెండు దేశాలూ యుద్ధాల మధ్య కూడా తప్పకుండా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, 2025 మే 10న కాల్పుల విరమణ మాట కుదిరింది కూడా సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌ల ఫోను మీదే. పనికివచ్చే తంత్రం చేతిలోనే ఉంది, దాని పరిధి పెంచాలి.

అణ్వస్త్రాల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. మధ్యశ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 నాటి అమెరికా, సోవియట్ ఒప్పందం 2019లో ముగిసింది, ఆ నిషేధం కిందికి వచ్చే రకం ప్రయోగ వ్యవస్థను అమెరికా 2024 ఏప్రిల్‌లో లూజాన్‌కు తెచ్చింది. అమెరికా, రష్యాలు చెరి 1,550 అణు వార్‌హెడ్‌లకు మించి మోహరించకూడదన్న న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5న ముగిసింది. ఒక్కసారి పొడిగించుకునే వీలుండగా దాన్ని 2021లోనే వాడేశారు. చైనా దగ్గర 600కు పైగా వార్‌హెడ్‌లు ఉన్నాయని, 2030 నాటికి అవి వెయ్యి దాటుతాయని అమెరికా రక్షణ శాఖ అంచనా. చైనా అమెరికాను చూసి పెంచుతుంది, చైనాను చూసి భారత్, భారత్‌ను చూసి పాకిస్తాన్ లెక్కలు మార్చుకుంటాయి. వాషింగ్టన్, మాస్కోల మధ్య ఒక ఒప్పందం పోతే దాని ప్రభావం ఇస్లామాబాద్ దాకా రావడానికి ఎన్నో మెట్లు లేవు.

మరి పక్షం చేరాలా? వియత్నాం పాటిస్తున్న పద్ధతి నాకు చాలా వరకు నచ్చుతుంది. సైనిక కూటములు వద్దు, ఒక దేశంతో కలిసి మరో దేశం మీదికి పోవడం వద్దు, విదేశీ స్థావరాలు వద్దు, బలప్రయోగం, దాని బెదిరింపు వద్దు అని ఆ దేశం 2019 రక్షణ శ్వేతపత్రంలో రాసుకుంది. 2023 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడికి, డిసెంబరులో చైనా అధ్యక్షుడికి, 2024 జూన్‌లో రష్యా అధ్యక్షుడికి హనోయ్ ఎర్రతివాచీ పరిచింది. దీవుల విషయంలో చైనాతో తగాదా అలాగే ఉంది, దాన్ని వేరెవరి పోటీకీ అప్పగించలేదు. అయితే ఇది అందరికీ పనికొచ్చే సూత్రం కాదు. 1979లో చైనా దండయాత్రను సొంత సైన్యంతో ఎదుర్కొన్న దేశం అది, ఆ సత్తా లేకపోతే ఆ పద్ధతి నిలవదు. 1994లో బుడాపెస్ట్‌లో అగ్రరాజ్యాలు ఇచ్చిన హామీలను నమ్మి తన నేలమీది అణ్వస్త్రాలను వదులుకున్న ఉక్రెయిన్‌కు 2014లో, 2022లో ఏం జరిగిందో చూశాక, దశాబ్దాల తరబడి ఏ సైనిక కూటమిలోనూ చేరని ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. రష్యాతో 1,300 కిలోమీటర్లకు మించిన సరిహద్దున్న దేశాన్ని ఆ నిర్ణయానికి తప్పుపట్టలేను. ముప్పు నిజమైనదై, దగ్గరిదై, ఒంటరిగా ఎదుర్కోలేనిదైతే కూటమి అవసరమే. ముప్పు ఊహించినదో, దూరానిదో అయితే కూటమి వల్ల లేని శత్రువును తెచ్చుకున్నట్టవుతుంది.

భారత్, చైనా సరిహద్దు ఈ రెంటికీ మధ్యలో ఉంది. 2020 జూన్ 15న లడఖ్‌లోని గల్వాన్‌లో 20 మంది భారత సైనికులు చనిపోయారు, చైనా తన వైపు నలుగురు చనిపోయారని ఎనిమిది నెలల తరువాత ఒప్పుకుంది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదన్న 1996 ఒప్పందం వల్ల ఆ రాత్రి ఇరువైపులా రాళ్లతో, ఇనుప మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. ఎంత ఘోరమైనా, తుపాకులు పేలకపోవడం వల్లే అది ఒక లోయకు పరిమితమైంది. ఆ తరువాత భారత్ తానూ, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలూ కలిసి నడిపే క్వాడ్‌లో చురుకుగా మారింది, అమెరికాతో నిఘా సమాచార సహకారం పెరిగింది. భారత్ వేసే ప్రతి అడుగు వెనుక అమెరికా ఉందని బీజింగ్ అనుకోవడం కూడా పెరిగింది. సరిహద్దు తగాదా పూర్తిగా పెద్ద పోటీలో కలిసిపోతుందేమోనన్న భయం అప్పట్లో నాకుండేది. అలా జరగలేదు. కోర్ కమాండర్ల స్థాయిలో ఇరవైకి పైగా విడతలు, దౌత్యాధికారుల స్థాయిలో ఇంకా ఎక్కువగా, మూడో పక్షం ఎవరూ లేకుండా, ఫలితం లేదనిపించిన నెలల్లో కూడా మాట్లాడుతూ పోయారు. 2024 అక్టోబరు 21న అదే లడఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ తిరిగి మొదలుపెట్టడానికి అంగీకారం కుదిరింది, రెండు రోజుల తరువాత రష్యాలోని కజాన్‌లో ఇద్దరు నాయకులు కలిశారు. ముందుకు తెచ్చిన వేలాది సైనికులను వెనక్కి పంపడం మీద, గల్వాన్, పాంగాంగ్ వంటి చోట్ల ఏర్పరచిన గస్తీలేని మండలాల భవిష్యత్తు మీద చర్చ ఇంకా జరగవలసి ఉంది, ఆ చర్చ జరగవలసింది కూడా ఆ రెండు దేశాల మధ్యే.